రస్కులో పాలు ఉన్నాయా?

తిరుపతిలో ఏ బేకరీకైనా వెళ్లి "ఇందులో పాలు ఉన్నాయా?" అని అడిగితే నిజం చెప్పే మనిషి దొరకడని నాకు తొంభైల చివర్లో తెలిసింది. మా చిన్నమ్మను వెంటబెట్టుకొని ఊరంతా తిరిగినప్పటి మాట ఇది. అప్పట్లో నేను బైరాగిపట్టెడలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకొని, ఒక చిన్న ఆఫీసులో టైపు కొట్టే ఉద్యోగం చేసేదాన్ని. ఏ విషయమైనా సగమే తెలిస్తే నాకు అన్నం సహించదు. ఆఫీసులో వెనకాల నన్ను సీఐడీ అనేవాళ్లు. ఆ పేరు విన్నప్పుడు కోపమొచ్చింది, ముందుగా పెట్టింది ఎవరో ఆరా తీసి కనుక్కున్నాకే ఊరుకున్నాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పాకాల దగ్గర పల్లెలో ఉండేది. జెర్సీ ఆవును మా వైపు సీమావు అంటారు. వాళ్లింట్లో రెండు సీమావులు ఉండేవి. పొద్దునా సాయంత్రం చిన్నమ్మే పాలు పిండేది, చిన్నాయన క్యాను సైకిలుకు తగిలించుకొని పాల కేంద్రంలో పోసి వచ్చేవాడు. పాల మీద బతికే ఆ ఇంట్లో పాలు ముట్టని మనిషి మాత్రం ఆమే. పెరుగు, మజ్జిగ, నెయ్యి ఏవీ నోట పెట్టదు. మాంసం, కోడిగుడ్డు అంతకు ఎన్నో ఏళ్ల ముందే మానేసింది. కొండ దేవుడికి మొక్కుకుందని ఊళ్లో అందరూ అనుకునేవాళ్లు. మా వైపు మొక్కు అనే మాట వస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు. ఆమె కూడా కాదని చెప్పలేదు.

అసలు సంగతి నాకు తెలుసు. నేను పట్టు వదలకుండా అడిగి చెప్పించుకున్నాను.

ఒక ఏడు వాళ్ల పెద్దావు కోడెదూడను ఈనింది. పెయ్యదూడ అయితే రేపు పాలిస్తుంది కాబట్టి దానికి తాగినన్ని పాలు వదులుతారు. సీమ కోడెకు మూపురం ఉండదు, కాడి ఆనదు, కాబట్టి దానికి వదిలే పాలు దండగ అని ఊరందరి లెక్క. ఆ దూడ ఎక్కువ కాలం బతకలేదు. దూడ ఎదురుగా లేకపోతే ఆవు చేపదు, అంటే పొదుగులోకి పాలు వదలదు. అందుకని చిన్నాయన కూడా అందరూ చేసే పనే చేశాడు. దూడ తోలు ఒలిపించి, లోపల ఎండుగడ్డి కూరి కుట్టించి, పిండే వేళకు ఆవు ముందు నిలబెట్టేవాడు. ఆవు దాన్ని నాకుతూ చేపేది. చిన్నమ్మ పిండేది. కొన్నాళ్లకు పొట్ట దగ్గర కుట్టు ఊడి గడ్డి బయటికొచ్చింది. ఆవు నాకుతూ నాకుతూ ఆ గడ్డిని లాగి నమలడం మొదలుపెట్టింది.

"బిడ్డ కడుపులో గడ్డిని తల్లి తినేసింది పాపా," అంది చిన్నమ్మ ఆ మాట చెప్పినప్పుడు. "అది సూసినాక నాకు పాలు గొంతు దిగలేదు. ఇంక ముట్టనని మాటిచ్చేసినాను."

ఎవరికి ఇచ్చావని నేను అడగలేదు. ఆవుకేలే అనుకున్నాను. ఇల్లు గడవాలి కాబట్టి పాలు పిండడం మాత్రం ఆమె మానలేదు. "పోసేది పోస్తాను, తాగేది తాగను," అనేది.

ఇన్ని మానేసిన మనిషికి మిగిలిన ఒకే ఒక్క రుచి రస్కు. పొద్దున పాలు పిండి చేతులు కడుక్కొని, డికాషన్ నీళ్లలో బెల్లం వేసుకొని, అందులో రస్కు ముంచుకొని తినేది. అది కరిగి గ్లాసులో పడిపోయేలోపు నోట్లో వేసుకోవడంలో ఆమెకు గొప్ప ఒడుపు. పల్లె అంగట్లో గాజు సీసాలో విడిగా అమ్మేవాళ్లు ఆ రస్కుల్ని. చిత్తూరులోని ఒక బేకరీ నుంచి వచ్చేవి. పిండీ చక్కెరా తప్ప వాటిలో ఇంకేం ఉంటుందిలే అనుకొని ఆమె తినేది.

కంట్లో పొర వచ్చిందని ఆసుపత్రిలో చూపించుకోవడానికి చిన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. మరునాడు పొద్దున పాలు లేకుండా టీ కాచి, రస్కుల పొట్లం ఆమె ముందు పెట్టాను. ఆమె ముట్టలేదు. సంచిలోంచి మడతపెట్టిన ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతికిచ్చింది.

"ఇది సూడు. మా అంగట్లో రస్కులు ఇప్పుడు దీంట్లో వస్తా ఉండాయి."

కవరు మీద ఒక ఆవు, దాని పక్కన దూడ. ఆవు దూడను నాకుతోంది. కింద 'స్వచ్ఛమైన పాలతో చేసిన రస్కు' అని ఎర్ర అక్షరాలు.

"అక్షరాలు నాకు రావు గానీ ఆవు తెలీదా," అంది. "ఇన్నేండ్లుగా నేను తింటా ఉండింది పాలేనా పాపా? మాట తప్పేసినానా? ఇది సూసినప్పట్నించి ఆ ఆవు దగ్గర కూర్చోవాలంటే మొగం సెల్లలేదు."

నేను కనుక్కుంటానని చెప్పాను. రస్కులో పాలు వేస్తారా వేయరా అనేది అంత పెద్ద విషయమా, నాలుగు బేకరీల్లో అడిగితే తేలిపోతుంది అనుకున్నాను. అలాగే ఆమె నిశ్చింతగా తినదగ్గది ఏదో ఒకటి ఈ ఊళ్లో దొరక్కపోతుందా అని కూడా.

ఆసుపత్రిలో కళ్లలో చుక్కలు వేశారు. ఆమెకు అన్నీ మసకగా కనిపిస్తున్నాయి. నా భుజం పట్టుకొని నడుస్తోంది. గాంధీ రోడ్డులో అద్దాల బీరువాలున్న పెద్ద బేకరీలోకి తీసుకెళ్లాను.

"మీ రస్కులో పాలు వేస్తారా?"

గల్లాపెట్టె దగ్గరున్నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "పాలు లేకుండా రస్కు యాడన్నా ఉంటాదా మేడం? మా దగ్గర అంతా పాలు, వెన్న. కావాలంటే వాసన సూడండి."

బస్టాండు దగ్గర రెండో బేకరీలో నేను నోరు తెరవకముందే, "గుడ్డు లేదమ్మా, దేంట్లోనూ లేదు. కొండకు పొయ్యేవాళ్లు అడగతారని మేము వెయ్యము," అన్నాడు. గుడ్డు కాదు, పాల సంగతి చెప్పమన్నాను. "పాలు దండిగా వేస్తాము," అన్నాడు నవ్వుతూ.

మూడో చోట ఒక పెద్దాయన మా బాధ శ్రద్ధగా విన్నాడు. పాలు వద్దా, పసిబిడ్డకా, షుగరా, పాలు మానమని ఏ డాక్టరు చెప్పాడు అని వరసగా అడిగాడు. ఏ డాక్టరూ చెప్పలేదంటే నమ్మలేదు. "ముందు ఆ డాక్టర్ని మార్చండి మ్మా," అని సలహా ఇచ్చి, బలానికని చిన్నమ్మ చేతిలో ఒక వెన్న బిస్కెట్ పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకోలేక, పారేయలేక, బయటికి వచ్చాక నా చేతిలో పెట్టింది. నేను తినేశాను. బిస్కెట్ బాగుందని ఒప్పుకోవాలి.

పక్కన ఒక అరుగు మీద కూర్చున్నాం. నాకు చిరాకు తలకెక్కింది. చిన్నమ్మ మాత్రం కళ్లు మూసుకొనే నవ్వుతోంది.

"మన పాల కేంద్రంలో, పాలల్లో నీళ్లు కలిపినారా అని అడిగితే కలిపినామని ఎవురన్నా సెప్తారా? ఈళ్లూ అంతే. నువ్వు పరీక్ష పెడతా ఉండావని అనుకుంటా ఉండారు."

నాకు అప్పుడు వెలిగింది. పాలు లేవని చెప్పడం ఏ బేకరీ ఆయనకైనా నామర్దా. ఉన్నవాడూ ఉన్నాయంటాడు, లేనివాడు ఇంకా గట్టిగా ఉన్నాయంటాడు. అడిగే పద్ధతి మారిస్తే సరిపోతుంది కదా అని నాలుగో బేకరీలో వేరే ఎత్తు వేశాను. "పాలు ఉంటే మాకు వద్దు, పాలు లేనివే కావాలి," అన్నాను.

"అయితే ఇవి తీసుకోండి మ్మా. సుక్క పాలు కూడా ఉండవు," అన్నాడు ఆయన తడుముకోకుండా. ఆయన చెయ్యి పెట్టిన ట్రేకు అంటించిన కాగితం మీద 'మిల్క్ బ్రెడ్' అని రాసి ఉంది.

ఆ సాయంత్రం ఇంటివాళ్లావిడ కొండ లడ్డు తెచ్చిచ్చింది. చిన్నమ్మ దాన్ని కళ్లకద్దుకొని, "దేవునికి తెలుసులే," అంటూ నా చేతిలో పెట్టింది. రాత్రి అన్నంలోకి చారు తప్ప ఏమీ వేసుకోలేదు.

మరునాడు పొద్దున్నే నేను ఒక్కదాన్నే బయల్దేరాను. అడిగితే లాభం లేదని తేలింది కాబట్టి, చూసి తెలుసుకోవాలని. బేకరీల వెనక సందుల్లో తిరిగాను. ముందు అద్దాలు, వెనక మసి. ఖాళీ డబ్బాలు బయట పడేస్తారు కాబట్టి లోపల ఏం వాడుతున్నారో తెలుస్తుంది. ముందు వెన్న అని చెప్పిన ఒక చోట వెనక గోడ వారగా అన్నీ వనస్పతి డబ్బాలే. నిజంగానే వెన్న వాడే చోటు ఒకటి ఉంది, దాన్ని వాసన పట్టించింది. నాకు ఇదంతా మహా సరదాగా అనిపించింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న ఆలోచన కూడా రాలేదు. తిరిగేకొద్దీ నాకు తెలిసిందేమిటంటే, బోర్డు పెద్దదయ్యేకొద్దీ పాలు ఉండే అవకాశం ఎక్కువ. బేకరీవాడి బీదతనమే మా చిన్నమ్మకు భరోసా.

కొర్లగుంట సందులో ఒక బేకరీకి అసలు బోర్డే లేదు. వీధిలోకి తెరిచి ఉన్న గదిలోనే ఒకాయన పిండి పిసుకుతున్నాడు. మైదా, ఉప్పు, చక్కెర, నీళ్లు, ఈస్టు, నూనె, అన్నీ దారిన పోయేవాళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి. ఏమీ అడగకుండా పిండి ముద్ద పొయ్యిలోకి వెళ్లేదాకా అక్కడే నిలబడి చూశాను. ఆయన పక్కన తురిమిన కొబ్బరి, చక్కెర కలిపి పెట్టుకున్న గిన్నె ఉంది. ఆ కొబ్బరి కూరిన బన్నులు వేడివేడిగా కాగితంలో చుట్టించుకొని గదికి పరిగెత్తాను.

"నా కళ్లతో చూశాను, తిను," అన్నాను.

చిన్నమ్మ బన్ను విరిచి, లోపలి కొబ్బరిని వేలితో తీసి చూసి, నోట్లో పెట్టుకుంది. పైన కాలిన పొర కొంచెం కరకరలాడుతుంది, లోపల మెత్తన, కొబ్బరిపాకం నాలుకకు చురుక్కుమనేంత వేడి. నేను ఇంతవరకూ తిన్న బన్నుల్లో అదే మంచిది. ఆమె ఇంకొకటి తీసుకుంది. తర్వాత చేతులు దులుపుకొని, "ఇది బాగుండాది. మరి ఆ రస్కు సంగతి?" అంది.

ఊళ్లో పాలు లేని బన్ను దొరికిందని నేను పొంగిపోతున్నాను గానీ, ఆమెకు కావలసింది ఇకమీదట ఏం తినాలన్నది కాదు. ఇంతవరకూ ఏం తిన్నదీ తెలియాలి. దానికి చిత్తూరు పోవడమే దారి. ఆసుపత్రి పని అయ్యాక సెలవు పెట్టి ఆమెతో చిత్తూరు బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె కవరు మడత విప్పడం, మళ్లీ మడవడం. నాకు కూడా లోపల భయం మొదలైంది. అక్కడ నిజంగానే పాలు ఉంటే ఈమెను పల్లెకు ఎలా పంపాలి?

కవరు మీద ఉన్న చిరునామా పట్టుకొని వెతికితే బేకరీ ఒక ఇరుకు సందులో దొరికింది. ముందు చిన్న కౌంటరు, వెనక కట్టెల పొయ్యి. నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా మైదా. మేం అడగ్గానే అతను కూడా అదే పాట ఎత్తుకున్నాడు.

"ఉండాయా అంటారేందక్కా, కవరు మీదే ఉండాది గదా. పొద్దున్నే క్యాను నిండా పాలు దిగతాయి ఈడ."

"ఏ ఊరి పాలప్పా?" అని అడిగింది చిన్నమ్మ.

"ఊరా? ఈడే... పక్కనే."

"ఆవు పాలా, ఎనుము పాలా?"

"రెండూ," అన్నాడు.

"రెండూ కలిపి పోస్తే వెన్న ఎంత తేలతాది?"

అతను నా వైపు చూశాడు. మమ్మల్ని ఎవరో తనిఖీకి వచ్చినవాళ్లనుకున్నట్టున్నాడు. చిన్నమ్మ ఇంకేమీ అడగలేదు. గడప పక్కన మెట్టు మీద కూలబడి, ఆవు సంగతి, కోడెదూడ సంగతి, గడ్డి సంగతి మొత్తం చెప్పేసింది. మా అమ్మకు కూడా చెప్పని మాట ముక్కూ ముఖం తెలియని మనిషికి చెప్పింది. "నువ్వు పాలు పోసింటే నా మాట పోయినట్లే. నిజం సెప్పప్పా, నిన్నేమీ అనను," అంది.

అతను సందులోకి అటూ ఇటూ చూసి, ముందు తలుపు ఒక రెక్క మూశాడు.

"లోపలికి రాండక్కా."

లోపల మైదా మూటలు, చక్కెర మూట, వనస్పతి డబ్బాలు, పిండి పిసికే చెక్క తొట్టి. మూలన చిన్న సీసా ఒకటి తీసి మూత తిప్పి నా ముక్కు దగ్గర పెట్టాడు. కాచిన పాల వాసన గుప్పుమంది. "వాసన మాత్రమే. పాలు ఈ వాకిలి ఎప్పుడూ తొక్కలేదు. పాలు పోస్తే పల్లె అంగళ్లలో రస్కు నెలదినాలు నిలవుంటాదా? వేలూర్లో కవర్లు అచ్చేసే ఆయన, ఆవు బొమ్మ పెడితే బాగా పోతాది అన్నాడు. పెట్టినాను. ఎవురికీ సెప్పొద్దక్కా, పరువు పోతాది."

ఊరందరినీ మోసం చేస్తున్నాడని నాకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను కూడా. ఈలోపు చిన్నమ్మ మైదా మూట మీద కూర్చొని, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ పెద్దగా నవ్వుతోంది.

"నువ్వు సల్లగుండాలప్పా. ఇట్లే మోసం సేస్తా ఉండు, మానుకోవద్దు."

అది దీవెనో శాపమో తెలియక అతను మొహమాటంగా చేతులు నలుపుకున్నాడు. తర్వాత పక్క అంగట్లోంచి పాలు లేని టీ తెప్పించి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రస్కులు పెట్టాడు. చిన్నమ్మ రస్కు ముంచి, కరిగిపోకముందే నోట్లో వేసుకుంది. ఎన్నాళ్ల తర్వాతో ఆ పని చేస్తున్నట్టు నెమ్మదిగా నమిలింది. వచ్చేటప్పుడు సంచిలోని కవరు తీసి, మోకాలి మీద పరిచి సాపు చేసింది.

"అయితే ఈ దూడ కూడా ఉత్తదేనన్నమాట," అంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె పొద్దులు ఎప్పటిలాగే గడిచాయి. నేను కూడా చిత్తూరు మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ సందులో ఆగి రెండు మాటలు మాట్లాడి వచ్చేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక అతని వ్యాపారం పెరిగింది. సందులోంచి రోడ్డు మీదికి వచ్చాడు, కరెంటు పొయ్యి పెట్టాడు, అద్దాల బీరువాలు వచ్చాయి. ఒకరోజు పల్లె అంగడాయన చిన్నమ్మకు ఒక కబురు తెచ్చాడు. చిత్తూరు బేకరీ ఆయన ప్రత్యేకంగా చెప్పమన్నాడట, రేపటి నుంచి రస్కులో నిజంగానే పాలపొడి పడుతుందని. కవరు మీద ఎప్పటి నుంచో అదే కదా రాసి ఉంది, ఇందులో కొత్తేముందని అంగడాయన తల గోక్కున్నాడు. చిన్నమ్మ మాత్రం ఆ పూట నుంచే రస్కు ఆపేసింది.

వారం తిరక్కముందే పల్లె అంగడికి ఒక పాత పేపరు పొట్లం వచ్చింది. దానికి కవరు లేదు, బొమ్మ లేదు, పైన దారం కట్టి ఉంది. 'పాకాల అక్కకు' అని చెప్పి పంపించాడట. అప్పటి నుంచి రస్కుల లోడుతో పాటు ఆ పొట్లం విడిగా వచ్చేది. అది ఎందుకు వేరేగా వస్తుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. మొక్కు రస్కు అని పేరు పెట్టేశారు.

కొన్నేళ్లకు ఆ పెద్దావు ముసలితనంతో చనిపోయింది. ఈత ఆగిపోయినా అమ్మనివ్వకుండా చిన్నమ్మ దాన్ని చివరిదాకా ఇంట్లోనే ఉంచుకుంది. పోయిన సంగతి బేకరీ ఆయనకు అంగడి ద్వారానే తెలిసింది. ఆ నెలలో నేను అక్కడ ఆగినప్పుడు అతను మెల్లగా అడిగాడు.

"ఆవు పోయిందంట గదా మ్మా. అక్క మాట తీరినట్లే గదా. ఇంక అందరి రస్కే పంపేదా? ఊరికే అడగతా ఉండా, కనుక్కోండి."

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నాకూ అలాగే అనిపించింది. పల్లెకు వెళ్లి ఆ మాటే అడిగాను. చిన్నమ్మ అప్పుడు ఖాళీ పడిన గుంజ పక్కన చెత్త ఊడుస్తోంది. చీపురు ఆపి నా వైపు చూసింది.

"ఆవుకు ఎప్పుడు మాటిచ్చినాను పాపా? నేను మాటిచ్చింది దూడకు. అది పాలు తాగతా ఉంటే మెడలో తాడు పట్టి లాగి కట్టేసింది మీ చిన్నాయన గాదు, నేనే. అది నా వైపు సూసి అరిసింది. అది తాగాల్సింది నేను తాగనని దానికే సెప్పినాను. ఆవు పోతే మాట యాడికి పోతాది?"

అన్నీ అడిగే నేను, ఆ ఒక్కటి ఎప్పుడూ అడగలేదు. ఆమె మళ్లీ ఊడవడంలో పడిపోయింది.

తిరుపతికి తిరిగి వచ్చేముందు చిత్తూరు వెళ్లాను. బేకరీ వెనక గదిలో అతను పెద్ద తొట్టిలో పిండి కలిపిస్తున్నాడు, పాలపొడి సంచి పక్కన విప్పి ఉంది. నేను ఆమె చెప్పింది చెప్పకముందే, నా మొహం చూసి అతను సంచి మీద చెయ్యి పెట్టి ఆగాడు. తొట్టిలోంచి ఒక ముద్ద తీసి, తడిగుడ్డ కప్పి బల్ల మీద పక్కన పెట్టాడు. ఆ తర్వాతే మిగతా పిండిలో పాలపొడి పోశాడు.